మయసభలో నవ్వుదాం, జూదసభలో మేలుకుందాం



మా జి.మాడుగుల ప్రాంతపు ఉపాధ్యాయ మిత్రులలో ఒక అభిప్రాయం క్రమంగా బలపడుతోంది. ఈనాటి పిల్లలు ఫోనుల్లో ఆడుతున్న ఆటలన్నింటిలోకీ మిక్కిలి హానికరమైనవి ‘మోసపు ఆటలు’ అని, వాటిని ముందుగా మాన్పించాలని వారి వాదం. మోసపు ఆట అంటే ఏమిటో తెలియనివారికి క్లుప్తంగా చెబుతాను. ఒక చిన్న బొమ్మ ఎడమనుండి కుడికి నడిచి, గంతులు వేసి, చివరనున్న తలుపును చేరాలి. చూడడానికి అంతకంటె తేలిక పని లేదు. కాని నాలుగడుగులు వేయగానే గట్టినేల అనుకున్నది గుల్లగా కూలిపోతుంది. గోతిని దాటబోతే గాలిలో కనిపించని ఇటుక తలకు తగిలి ఆ గోతిలోనే పడేస్తుంది. తలుపును చేరామనుకునేంతలో తలుపే పక్కకు జరుగుతుంది. పిల్లవాడు ‘ఓరి నీ’ అని నవ్వి మళ్ళీ మొదటినుండి ఆరంభిస్తాడు.

దీనిపై మా మిత్రుల అభియోగాలు మూడు. ఈ ఆటలు పిల్లలకు వంచన నేర్పుతాయి. కోపం పెంచుతాయి. కాలాన్ని హరిస్తాయి. తెలుగు పండితుడిగా ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లల మధ్య గడిపినవాణ్ణి కనుక ఈ విషయమై మౌనం వహించడం ధర్మం కాదనిపించి ఈ టపా వ్రాస్తున్నాను. మా మిత్రులు దొంగను వదలి విదూషకుణ్ణి పట్టుకున్నారని నా వాదం. ఆ దొంగ సామాన్యుడు కాడు కనుక ఈ పొరపాటు చిన్నది కాదు.

ముందు ఈ ఆటల వంశవృక్షం చూద్దాం. ‘సూపర్ మారియో బ్రదర్స్’ అనే జపాను ఆట 1985లో వెలువడింది. అందులో పుట్టగొడుగు తింటే మేలు, నేల నేలే, మబ్బు మబ్బే. ఆ మరుసటి ఏడే జపానులో వచ్చిన దాని రెండవ భాగంలో తయారీదారులే ఒక చిలిపి పని చేశారు. మేలు చేసే పుట్టగొడుగు పోలికతోనే విషపు పుట్టగొడుగును పెట్టారు. ముందుకు తీసుకుపోవలసిన అడ్డదారుల్లో కొన్నింటిని వెనక్కి తీసుకుపోయేటట్టు అమర్చారు. ఇరవయ్యేళ్ళ తరువాత, 2007లో, ‘శ్యోబోన్ యాక్షన్’ అనే జపాను ఆట ఈ చిలిపితనాన్నే సర్వస్వం చేసుకున్నది. మనవాళ్ళు దీన్ని ‘క్యాట్ మారియో’ అంటారు. తెల్లని పిల్లిముఖం కథానాయకుడు. ఆకాశంలో అమాయకంగా ఉన్న మబ్బు కూడా ప్రాణం తీస్తుంది. ఆ ఏడాదే అమెరికాలో ‘ఐ వాన్నా బీ ద గై’ అనే మరొక ఆట వచ్చింది. అందులో చెట్టుమీది పండు మీద పడి చంపుతుంది. అది సరే, పండు కిందికి పడుతుందని నేర్చుకుని చెట్టుపైనుండి దూకబోతే, ఆ పండే పైకి ‘పడి’ చంపుతుంది! 2018లో ‘ట్రాప్ అడ్వెంచర్ 2’ ప్రపంచమంతటా పేరు మోసింది. ఇప్పుడు పిల్లల చేతుల్లో ఉన్న ‘లెవెల్ డెవిల్’ వంటివి వీటి సంతానమే.

నేను పిల్లిముఖపు ఆటను స్వయంగా ఆడి చూశాను. ఆడకుండా ఖండించడం, చదవకుండా విమర్శించడం ఒక జాతివే కదా. అందులో నాకు మిక్కిలి నచ్చినది ప్రాణాల లెక్క. ఆరంభంలో రెండు ప్రాణాలిస్తారు. అవి అయిపోతే ఆట ముగియదు. సున్నా దాటి ఋణసంఖ్యలోకి దిగుతుంది. మైనస్ ఒకటి, మైనస్ రెండు, అలా ఎంతదాకానైనా. గణితంలో ఋణానికీ లోకవ్యవహారంలో ఋణానికీ మన భాషలో ఒకటే మాట. ఈ ఆటలో మైనస్ ఎనభై దాకా దిగినవాడి ఇంటికి అప్పులవాడు రాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ ప్రస్తావిస్తాను.

ఇక ‘ఈ ఆటలు మన సంస్కృతికి విరుద్ధం’ అనే మాట. దీనికి సమాధానం చెప్పడం నాకు సంతోషం, ఎందుకంటే ఇది నా రంగం. మన అవధానవిద్యలో నిషిద్ధాక్షరి అనే అంశమున్నది. అవధాని పద్యం ఎత్తుకోగానే పృచ్ఛకుడు ‘ఈ చోట ఫలానా అక్షరం కూడదు’ అంటాడు. అవధాని మరో అక్షరం వేస్తాడు. ఆ అక్షరం తరువాత సహజంగా ఏ మాట పుడుతుందో ఊహించి పృచ్ఛకుడు దాని తోవను మూసేస్తాడు. అవధాని ఇంకొక తోవ వెదుకుతాడు. ఇప్పుడు చెప్పండి, గోతిమీదుగా ఆటగాడు ఎక్కడనుండి గంతు వేస్తాడో ముందే ఊహించి సరిగా అక్కడే కనిపించని ఇటుక పెట్టినవాడు నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు కాక మరెవరు? సమస్యాపూరణం మాటేమిటి? విన్నంతనే అనుచితంగానో అసంభవంగానో తోచే పాదాన్ని సభ మధ్యలో అవధాని ముందుంచుతారు. అది పచ్చి ఉచ్చు. పదాన్ని విరిచి, ముందొక మాట చేర్చి, క్రమాలంకారం పట్టి, అవధాని ఆ ఉచ్చునుండి బయటపడితే సభ చప్పట్లు కొడుతుంది. ఉచ్చు పన్నిన పృచ్ఛకుణ్ణి వంచకుడని ఏ సభా వెళ్ళగొట్టలేదు. మంచి ఉచ్చు పన్నినందుకు అతణ్ణి మెచ్చుకుంటాం. తిరుపతి వేంకటకవులు ఊరూరా తిరిగి ఎదుర్కొన్నవి ఇటువంటి ఉచ్చులే.

వైకుంఠపాళిని మెచ్చుకుని ఈ ఆటలను తిట్టేవారికి మరొక మాట. వైకుంఠపాళిలో పాములన్నీ కనిపిస్తూనే ఉంటాయి. కాని కనిపించినా తప్పించుకోలేం. పందెం ఎంత పడితే అంత, పాము నోట్లోకే అయినా పోవలసిందే. నూరుసార్లు ఆడినా ఆటగాడి తెలివి ఒక్క వీసమెత్తు పెరగదు. ఈ మోసపు ఆటల్లో పాము మొదటిసారి కనిపించదు. కాని రెండవసారి అది అక్కడే ఉంటుంది, అదే సమయానికి లేస్తుంది, జ్ఞాపకమున్నవాడు దాటిపోతాడు. కర్మఫలాన్ని బోధించడానికి మొదటిది మంచిదే. అనుభవంవలన జ్ఞానం కలుగుతుందని బోధించడానికి రెండవదే తగినది. బడి పని రెండవదని నేననుకుంటాను.

అసలు విషయానికి వస్తాను. మన భారతంలో సభాపర్వమొకటున్నది. అందులో రెండు మోసాలున్నాయి. ఆ రెంటినీ విడదీసి చూడనందువల్లనే మా మిత్రుల వాదం దారి తప్పింది.

మొదటిది మయసభ. దుర్యోధనుడు స్ఫటికపు నేలను నీరనుకుని బట్టలు ఎత్తిపట్టాడు. నీటిని నేలనుకుని పడి తడిశాడు. మూసిన తలుపు తెరచి ఉన్నదనుకుని నుదురు కొట్టుకున్నాడు. సరిగ్గా ఈనాటి మోసపు ఆటలోని వరుసే! తెలుగువారికి ఈ ఘట్టం కంఠస్థం. 1977లో వచ్చిన ‘దాన వీర శూర కర్ణ’లో కొండవీటి వేంకటకవి గారు వ్రాసిన సంభాషణలతో రామారావుగారు మయసభలో తిరిగిన తీరు తెలియని తెలుగిల్లు అరుదు. ఇంతకూ దుర్యోధనుడికి జరిగిన నష్టమేమిటి? బట్టలు తడిశాయి. పొడిబట్టలు ఇచ్చారు. చూచినవారు నవ్వారు. అంతే. ఒక ఊరు పోలేదు, ఒక ఆవు పోలేదు.

రెండవది జూదం. అక్కడ నేల నేలగానే ఉన్నది, నీరు నీరుగానే ఉన్నది. సభ నిండా పెద్దలు. మర్యాదలకు లోపం లేదు. నియమాలు అందరికీ తెలిసినవే. ఆ సభలో ధర్మరాజు ధనం పోయింది, రాజ్యం పోయింది, తమ్ములు పోయారు, తాను పోయాడు, ద్రౌపదిని ఒడ్డాడు. ఇంకొక సంగతి చూడండి. ధృతరాష్ట్రుడు అన్నీ తిరిగి ఇచ్చిన తరువాత, మళ్ళీ పిలిస్తే ధర్మరాజు మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. పోయినదాన్ని రాబట్టుకుందామనో, పిలిస్తే పోకపోవడం మర్యాద కాదనో, ఏదైనా కావచ్చు. అనుద్యూతానికి వెళ్ళడం అన్న ఆ ఒక్క దౌర్బల్యం మీద ఈనాడు కోట్ల వ్యాపారం నిలిచి ఉన్నది.

మయసభ మోసం తాను మోసమని చెప్పుకుంటుంది. జూదసభ మోసం తాను న్యాయమని చెప్పుకుంటుంది. మొదటిదానిలో పడ్డవాడికి పడ్డానని ఆ క్షణమే తెలుస్తుంది. రెండవదానిలో పడ్డవాడికి ఇల్లు గుల్లయ్యేదాకా తెలియదు. మా ఉపాధ్యాయ మిత్రులు మయసభకు తాళం వేద్దామంటున్నారు. శకుని మాత్రం ఎదుటి అరుగుమీదే పాచికలు పరచుకుని కూర్చున్నాడు.

ఆ శకుని ఎవరో చెప్పనక్కరలేదు. డబ్బు పెట్టి ఆడించే రమ్మీ వంటి ఆటలు మన రెండు తెలుగు రాష్ట్రాలలో ఎన్ని కుటుంబాలను కాల్చాయో పత్రికలు చదివేవారికి తెలుసు. రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని సుప్రీంకోర్టు 1960వ దశకంలోనే చెప్పిన తీర్పు మన ఆంధ్రప్రదేశ్ అభియోగం మీద వచ్చినదే. సికింద్రాబాదులో నలుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుని ముక్కలు వేసుకున్న నాటి మాట అది. ఎదుట ఎవరున్నారో, మనిషో యంత్రమో తెలియని అద్దపు పలకమీది ఆటకు ఆ మాటనే కవచంగా తొడిగి వ్యాపారం సాగించారు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. చివరకు 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. డబ్బు పందెపు ఆటలు వేరు, వినోదపు ఆటలు వేరు అని ఆ చట్టం స్పష్టంగా విడదీసింది. చట్టం చేసినవారు గుర్తించిన భేదాన్ని చదువు చెప్పేవారు గుర్తించకపోతే ఎలా?

చట్టం వచ్చింది కదా, ఇంకేమి బాధ అంటారేమో. ఉచితంగా దొరికే వినోదపు ఆటలు తీసుకోండి. రెండు మూడుసార్లు బొమ్మ గోతిలో పడగానే తెరనిండా ఒక ప్రకటన ప్రత్యక్షమవుతుంది. దాన్ని మూయడానికి మూలన ఆవగింజంత ఇంటూ గుర్తు. కొన్నిచోట్ల అది కొన్ని క్షణాలదాకా రాదు. కొన్నిచోట్ల అది ఇంటూ గుర్తే కాదు, ఇంటూ గుర్తులా గీసిన బొమ్మ. దానిమీద వేలు పెడితే ప్రకటన మూతపడదు. మరొక అంగడి తలుపు తెరుచుకుంటుంది. ఒకే తెరమీద రెండు ఉచ్చులు. ఆటవాడు పన్నినది ఆటగాణ్ణి నవ్వించడానికి. ప్రకటనవాడు పన్నినది కొనిపించడానికి. పిల్లవాడు మొదటి ఉచ్చును మూడోసారికి దాటాడు. రెండవ ఉచ్చును ఎవరూ అతనికి చూపలేదు, ఎందుకంటే పెద్దలందరూ మొదటిదాన్ని తిట్టడంలో మునిగి ఉన్నారు.

ఈ రెండవ జాతి ఉచ్చులకు 2010లో హ్యారీ బ్రిగ్నల్ అనే ఆయన ‘డార్క్ ప్యాటర్న్స్’ అని పేరు పెట్టాడు. ‘చీకటి పోకడలు’ అందాం. మన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న వీటిని నిషేధిస్తూ మార్గదర్శకాలు వెలువరించి పదమూడు రకాలను పేర్కొన్నది. ‘ఇంక రెండే మిగిలాయి’ అని లేని తొందర పెట్టడం, అడగని వస్తువును బుట్టలో వేయడం, వద్దన్నవాణ్ణి సిగ్గుపడేటట్టు చేయడం, చేరడానికి ఒక్క నొక్కు పెట్టి మానడానికి పది మెట్లు పెట్టడం, ప్రకటనను ప్రకటన కానట్టు చూపడం, తికమక ప్రశ్న వేసి అవునని అనిపించడం. ఈ పట్టిక చదువుతుంటే నాకు పిల్లిముఖపు ఆటే గుర్తుకు వచ్చింది. అదే కూలే నేల, అదే జరిగే తలుపు, అదే విషపు పుట్టగొడుగు. నవ్వు ఒక్కటే లేదు.

ఇదంతా పట్నపు గొడవ, మన్యానికేమి సంబంధం అనేవారికి మన్యపు చరిత్ర తెలియదని చెప్పక తప్పదు. ఉచ్చులంటే ఏమిటో మా ప్రాంతానికి ఎవరూ నేర్పనక్కరలేదు. కొండమీదినుండి పసుపు, పిప్పళ్ళు, చింతపండు, అడ్డాకులు మోసుకుని సంతకు దిగిన మనిషి దగ్గర తూకంలో కొంత, కొలతలో కొంత, లెక్కలో కొంత తరతరాలుగా పోయింది. అప్పు కాగితంమీద వేసిన వేలిముద్రతో భూమి పోయింది. ఆ కాగితంలో ఏమున్నదో వేలిముద్ర వేసినవాడికి తెలియదు. అందుకే మద్రాసు ప్రభుత్వం 1917లోనే ఏజన్సీలో వడ్డీలకూ భూమి బదలాయింపులకూ కళ్ళెం వేస్తూ చట్టం చేయవలసి వచ్చింది. దళారుల బెడద తప్పించడానికి 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు చాలక 1970లో ఒకటవ నిబంధన వచ్చింది. ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అంటే మా ఏజన్సీలో తెలియనివారుండరు. ఈ చట్టాలన్నింటి వెనుకా ఉన్న న్యాయసూత్రం ఒక్కటే: అర్థం కాని కాగితంమీద వేసిన వేలిముద్ర అంగీకారం కాదు.

ఇప్పుడు ఆ వేలిముద్ర మళ్ళీ వచ్చింది. 2023లో రాష్ట్ర ప్రభుత్వం మారుమూల ప్రాంతాలకోసం ఒకేసారి నూరు 4జీ టవర్లను ప్రారంభిస్తే వాటిలో అధికభాగం మా అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివే. మంచిదే, సిగ్నలు కోసం కొండ ఎక్కి నిలబడిన రోజులు మాకు జ్ఞాపకమున్నాయి. అయితే ఆ టవరు వెంట కాఫీ ధరా వస్తుంది, అప్పిచ్చేవాడూ వస్తాడు. 2020 చివరలో తెలంగాణలో తక్షణ ఋణాల యాప్‌ల వేధింపులకు తాళలేక కొందరు ప్రాణాలే తీసుకున్నారు. ఫోనులోని పేర్ల పట్టికంతా లాగి, బంధువులందరికీ ఫోను చేసి పరువు తీయడం వారి వసూలు పద్ధతి. ఆ పట్టిక తీసుకోవడానికి అనుమతి ఎవరిచ్చారు? ‘ఐ అగ్రీ’ అన్నచోట వేలు పెట్టిన ఆ ఋణగ్రస్తుడే! రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో అటువంటి చొరబాటును కూడదన్నది. 2024 ఏప్రిల్‌లో మరొక అడుగు వేసి, అప్పు షరతుల ముఖ్యాంశాల పత్రం ఋణగ్రహీతకు తెలిసిన భాషలో ఉండాలని, దానిని అతనికి వివరించాలని ఆదేశించింది.

తెలుగు వ్రాయడానికే ఈ జాలంలోకి వచ్చిన మిత్రులకు ఈ మాట ప్రత్యేకించి విన్నవిస్తున్నాను. మనం అక్షరదోషాలగూర్చీ అరసున్నలగూర్చీ ఎన్నో వాదాలు చేసుకున్నాం, అవి అవసరమే. కాని తెలుగువాడి ఆస్తిని తాకట్టు పెట్టే వాక్యం ఇంగ్లీషులో ఉన్నది. ఒకవేళ తెలుగులో ఉన్నా, యంత్రం అనువదించిన ఆ తెలుగు పండితుడికే బోధపడదు. మా మండలంలో తెలుగు కూడా ఇంటి భాష కాని పిల్లలున్నారు. కువి మాట్లాడేవారున్నారు, ఆదివాసీ ఒరియా మాట్లాడేవారున్నారు. బడిలో చేరిన పిల్లవాడికి అమ్మభాషలో మొదలుపెట్టాలని కువి, కొండ, ఆదివాసీ ఒరియా వంటి భాషల్లో వాచకాలు వేసిన రాష్ట్రం మనది. వాచకానికి ఆ మర్యాద ఉన్నప్పుడు అప్పు పత్రానికి ఎందుకు లేదు? ‘తెలిసిన భాష’ అనే ఆ రెండు మాటల్లో కువికి చోటున్నదా లేదా అని అడిగే గొంతులు మనవి కాకపోతే ఇంకెవరివి?

ఇక మూడు అభియోగాలకూ సూటిగా సమాధానం చెబుతాను.

వంచన నేర్పుతాయన్నారు. వంచించేది ఆట, వంచన పొందేది పిల్లవాడు. అతడు నేర్చేది వంచనను పసిగట్టడం. పామును చూపి పాము అని చెప్పినవాడు విషం నేర్పినట్టు కాదు. ఒక్కటి మాత్రం నిజం: ఆటలో గోతిని పసిగట్టినవాడు అప్పు పత్రంలో గోతిని తనంతట పసిగడతాడనే భరోసా లేదు. ఒకచోట నేర్చినదాన్ని మరొకచోటికి మోసుకుపోవడానికి చేయి పట్టుకుని నడిపించేవాడు కావాలి. అతడినే ఉపాధ్యాయుడు అంటారు. ఆటను లాక్కుంటే ఆ పని జరగదు.

కోపం పెంచుతాయన్నారు. ఓడిపోయి నవ్వడం నేర్వనివాడికి కోపం వస్తుంది, నిజమే. దుర్యోధనుడికి వచ్చింది. మయసభలో తానూ నవ్వి ఉంటే జూదసభ అవసరం ఉండేది కాదు. నలుగురిలో పడి, లేచి, దుమ్ము దులుపుకుని నవ్వడం ఎంత పెద్ద విద్యో భారతం చదివినవారికి వేరే చెప్పాలా? ఆ విద్యను డబ్బు పోగొట్టుకోకుండా నేర్పే చోటు ఉంటే దాన్ని మూయడమెందుకు?

కాలం హరిస్తాయన్నారు. దీన్ని పూర్తిగా కాదనను. ఏ ఆటకైనా హద్దుండాలి, కళ్ళకూ మెడకూ విశ్రాంతి ఉండాలి, నేలమీద ఆడే ఆట తరువాతే చేతిలో ఆడే ఆట. కాని ఇది మోసపు ఆటలమీద నేరం కాదు, ఫోనుమీద నేరం. ఆ నేరానికి ఈ ఆటలను మాత్రమే ఉరి తీయడం న్యాయం కాదు. పైగా వీటిలో ఒక గుణమున్నది. ఒకసారి ఉచ్చులన్నీ తెలిశాక పిల్లవాడు తనంతట వదిలేస్తాడు. జూదానికి ఆ గుణం లేదు.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఇది. వారానికి ఒక్క గంట ఈ ఆటను తరగతిలో మీరే ఆడించండి. ‘ఇక్కడ నేల కూలుతుందని మనం ఎందుకు అనుకోలేదు? వాడు మన అలవాటును ఎలా వాడుకున్నాడు?’ అని అడగండి. వెంటనే ఒక ప్రకటనను, ఒక ‘ఉచిత’ బహుమతి సందేశాన్ని, ఒక అప్పు యాప్ అనుమతుల పట్టికను నల్లబల్లమీద వ్రాసి అదే ప్రశ్న మళ్ళీ అడగండి. నకిలీ ఇంటూ గుర్తు ఎక్కడున్నదో పిల్లల చేతనే వెదికించండి. వారు ఇంటికి పోయి తల్లిదండ్రులకు చెబుతారు. సంతలో తూకపు ముల్లును కనిపెట్టి చూడమని ఒకనాడు బడిపిల్లలు పెద్దలకు చెప్పినట్టే, ఈనాడు అద్దపు పలకమీది ముల్లును చూపిస్తారు.

సర్కారువారికి మనవి: చీకటి పోకడల మార్గదర్శకాలు ఢిల్లీలో ఉంటే చాలదు. అవి పాడేరులోనూ జి.మాడుగులలోనూ వినబడాలి. చదవలేనివారికి చదివి వినిపించే ఏర్పాటు కావాలి, వారి భాషలో.

విభేదించేవారు నిరభ్యంతరంగా విభేదించవచ్చు. మయసభకు తాళం వేయాలనే పక్షం వారు ఒక్క ప్రశ్నకు మాత్రం సమాధానం సిద్ధం చేసుకుని రావలసిందిగా ప్రార్థన: పిల్లవాడు పడి, లేచి, నవ్విన చోట నష్టపోయినదేమిటి? ఆ లెక్క మీరు చూపండి. పడిన సంగతే తెలియని చోట పోయినవాటి లెక్క నేను చూపుతాను.

స్వస్తి.